ఎం మోడ్‌లో మీటరు సున్నా దగ్గరే ఉన్నా ఫొటోలు ఎందుకు పాడవుతున్నాయి?

మీ ప్రశ్న ఇదీ: రాయగడలో ఉంటున్నారు. మీ బావగారి పాత డీఎస్ఎల్ఆర్, 18-55 లెన్సుతో సహా మీ చేతికొచ్చింది. ఆటోలో పెడితే ఇంట్లో ఫ్లాష్ లేచి మొహాలు పాలిపోతున్నాయి. ఎం మోడ్ (అంకెలన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ పద్ధతి) పెట్టి, వీడియోల్లో చెప్పినట్టు వెలుగు కొలిచే మీటరు గుర్తును సున్నా దగ్గరకు తెచ్చినా మీ అమ్మగారి ఫొటో ఒకసారి నల్లగా, ఇంకోసారి తెల్లగా వస్తోంది. తప్పెక్కడ జరుగుతోంది, కొత్త లెన్సు కొనాలా అని అడిగారు.

నాకూ సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నాది ఇచ్ఛాపురం, అత్తవారిది బరంపురం. మా మావయ్యగారు పట్టుచీరలు నేసేవారు. చూపు తగ్గిపోయి, ఇంట్లో గుంట మగ్గం తీసేయాలని ఆయనే నిర్ణయం తీసుకున్నారు. తీసేలోపు ఆయన నేస్తుండగా మంచి ఫొటోలు కావాలని నాకు గట్టిగా అనిపించింది. మా ఆయన దగ్గర కెమెరా ఉంది, నాకు ఆటో తప్ప ఇంకేం రాదు.

మొదటి రోజు నూటనలభై ఫొటోలు తీశాను. ఫ్లాష్ పడిన వాటిలో పట్టు దారం రంగంతా తెల్లటి మెరుపైపోయింది. ఫ్లాష్ లేకుండా ఎం మోడ్‌లో తీసినవి ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. మావయ్యగారి వెనక వీధి గుమ్మం ఉంది. గుమ్మం ఫొటోలోకి వస్తే మనిషి నీడలా మిగిలారు. కొంచెం పక్కకి జరిగి గుమ్మం తప్పిస్తే మొహం బాగుంది. చేతుల దగ్గరకు జూమ్ చేస్తే ఎర్రటి ముదురు చీర నిండిపోయి, అది ఇటుక రంగులోకి తేలిపోయింది. అన్నింటికీ మీటరు సున్నాలోనే ఉంది. రాత్రి కంప్యూటర్‌లో చూసుకుని ఏడ్చినంత పనైంది, ఎందుకంటే మగ్గం మీద ఇక ఒక్క చీరే మిగిలింది.

మర్నాడు బజారులో స్టూడియో నడిపిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఫిల్ము కాలం మనిషి. ఫొటోలు చూసి ఒకటే అడిగారు: "అమ్మాయ్, గదిలో వెలుగు మారిందా?" లేదన్నాను. "మరి నువ్వు సెట్టింగు ఎందుకు మార్చావు?" అన్నారు. నా తప్పు అక్కడే తెలిసింది.

మీ సమస్యా ఇదే. కెమెరాలోని మీటరుకి ఎదురుగా ఉన్నది మీ అమ్మగారో గోడో తెలియదు. ఆ వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుగును మాత్రమే అది కొలుస్తుంది. అన్నిటినీ నలుపు తెలుపుల మధ్య ఉండే బూడిద రంగు లెక్కలోకి తెస్తే చాలనుకుంటుంది. తెల్లగోడ చూపిస్తే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించమంటుంది. నల్లచీర చూపిస్తే చాలలేదనుకుని పెంచమంటుంది. మీరు ప్రతిసారీ గుర్తును సున్నాకి తెస్తుంటే, ఆటో చేసే పనినే చేత్తో చేస్తున్నారన్నమాట. అందుకే ఆటోలో వచ్చే తప్పులే ఎంలోనూ వస్తున్నాయి.

ఎం మోడ్ అసలు ఉపయోగం వేరు. మనిషి మీద పడే వెలుగుకి తగ్గట్టు ఒకసారి సెట్ చేసుకుని, ఆ వెలుగు మారనంతసేపు చక్రం ముట్టుకోకుండా ఉండగలగడం. అప్పుడు అమ్మగారు తెల్లచీర కట్టుకున్నా నల్లచీర కట్టుకున్నా, వెనక గుమ్మం ఉన్నా గోడ ఉన్నా, మొహం మాత్రం అన్ని ఫొటోల్లో ఒకేలా వస్తుంది. మధ్యలో మీటరు ప్లస్‌లోకో మైనస్‌లోకో వెళ్తుంది. వెళ్లనివ్వండి.

ఆ మొదటి సెట్టింగు పట్టుకోవడానికి పెద్దాయన నేర్పింది అరచేతి లెక్క. ఫొటో తీయాల్సిన మనిషి ఎక్కడ ఉన్నారో అక్కడికి వెళ్లి, మీ అరచేతిని ఆ వెలుగులోనే కెమెరా వైపు తిప్పి పెట్టండి. ఫ్రేమంతా అరచేయి నిండేలా చూడండి, ఫోకస్ కుదరకపోయినా పర్వాలేదు. ఇప్పుడు గుర్తును సున్నా దగ్గర కాదు, ప్లస్ 1 దగ్గర పెట్టండి. అరచేయి ఆ నడి బూడిద రంగు కంటే దాదాపు రెట్టింపు వెలుతురుగా ఉంటుంది, అందుకని ఆ ఒకటి. ఒంటి రంగు ఏదైనా అరచేతుల్లో తేడా తక్కువ కాబట్టి ఎవరి చెయ్యి పెట్టినా లెక్క ఇంచుమించు కుదురుతుంది. మీ చేతి మీదకి మీ నీడ గానీ కెమెరా నీడ గానీ పడకూడదు, అంతే.

నేను మగ్గం గుంట పక్కన కూర్చుని, మావయ్యగారి చేతుల పక్కన నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఎఫ్ 4, 1/60, ఐఎస్ఓ 1600 వచ్చింది (ఈ అంకెలేమిటో కింద చెప్తాను). ఆ పొద్దున గంటసేపు అవే అంకెలతో తీశాను. గుమ్మం తెల్లగా కాలిపోయింది, దాని గురించి బాధ పడలేదు. నాకు కావలసినవి చేతులు, దారం, ఆయన మొహం. మూడూ ఉన్నది ఉన్నట్టు వచ్చాయి.

ఇక ఆ మూడు అంకెల సంగతి. వీటి మీద వందల వీడియోలున్నాయి కాబట్టి ఎక్కువ రాయను. ఎఫ్ అంకె చిన్నదైతే లెన్సు రంధ్రం పెద్దదై వెలుగు ఎక్కువ వస్తుంది, వెనకున్నవి మసకబారతాయి. 2.8, 4, 5.6, 8, 11 అని ఒక్కో మెట్టుకీ వెలుగు సగమవుతుంది. షట్టరు అంటే వెలుగు లోపలికి పడే సమయం, సెకనులో 1/60 వంతు నుంచి 1/125 వంతుకి వెళ్తే అదీ సగమే. ఐఎస్ఓ అంటే వచ్చిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, అది 800 నుంచి 1600కి వెళ్తే ఫొటో రెట్టింపు వెలుతురవుతుంది, గింజలు గింజలుగా మచ్చలూ పెరుగుతాయి. ఒకచోట ఒక మెట్టు తగ్గిస్తే ఇంకోచోట ఒక మెట్టు పెంచాలి. మామూలుగా చక్రం మూడు క్లిక్కులు తిప్పితే ఒక మెట్టు.

మీది చిన్న మోడల్ అయితే చక్రం ఒక్కటే ఉంటుంది, దాంతో షట్టరు మారుతుంది. ఎఫ్ అంకె మార్చాలంటే ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ నొక్కి పట్టుకుని అదే చక్రం తిప్పాలి. నికాన్, కెనాన్ చిన్న మోడళ్లలో ఇదే పద్ధతి. ఇది తెలియక చాలామంది ఎం మోడ్ వదిలేస్తారు. ఇంకో పొరపాటు కూడా చూశాను: లెన్సు పక్కన ఉండే ఎం బొత్తాన్ని కూడా నొక్కేస్తారు. అది ఫోకస్ చేత్తో చేసుకోవడానికి. దాన్ని ఆటోఫోకస్‌లోనే ఉంచండి. నేర్చుకునే రోజుల్లో ఆటో ఐఎస్ఓ కూడా ఆపేయండి, లేకపోతే మీరు ఒకటి మారిస్తే కెమెరా ఇంకోటి మార్చేసి మీ లెక్కను తలకిందులు చేస్తుంది.

మూడింటిలో ముందు ఏది ఎంచుకోవాలంటే, కదిలేది ఏదైనా ఉంటే షట్టరు. మగ్గం మీద నాడె (అడ్డదారాన్ని మోసుకెళ్లేది) ఇటు నుంచి అటు పరుగెత్తేటప్పుడు 1/60లో అది సగం చెరిగిపోయిన మరకలా వచ్చింది. ఆగినట్టు రావాలంటే కనీసం 1/250 కావాలి. ఎఫ్ 4లో అంత వేగం పెడితే ఐఎస్ఓ 6400 దాకా వెళ్లాలి, నా కెమెరాలో పట్టు మెరుపు ఆ మచ్చల్లో పోయింది. దాంతో ఎదురు దారి పట్టాను: 1/15, ఐఎస్ఓ 400. గుమ్మం చట్రానికి భుజం ఆనించి, ఊపిరి బిగపట్టి ఇరవై తీస్తే మూడు కుదిరాయి. పడుగు దారాలు, మావయ్యగారి మొహం నిలకడగా ఉండి, నాడె మాత్రం ఒక పొడవాటి గీతలా సాగింది. ఇప్పుడు మా హాల్లో ఉన్న ఫొటో అదే. నేసేవాళ్లకి ఆ గది అలాగే కనిపిస్తుందని మావయ్యగారు అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

మనుషులు కదలకపోయినా మన చెయ్యి కదులుతుంది. 55 దగ్గర జూమ్ చేసి ఉంటే 1/80 కంటే తగ్గకండి, 18 దగ్గర 1/30 వరకు ఫర్వాలేదు. లెన్సులో కుదుపు తగ్గించే సౌకర్యం ఉంటే ఇంకా కిందికి వెళ్లొచ్చు.

రాత్రిళ్లు తీసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. వీధుల నిండా ఎల్ఈడీ దీపాలు, పులి వేషాలు. పులి వేషాన్ని 1/500లో తీస్తే ఫొటోలో అడ్డంగా చీకటి చారలు వచ్చాయి. కెమెరా పాడైందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో. కారణం కరెంటు. మన దగ్గర కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కాబట్టి చాలా దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. షట్టరు 1/100 గానీ 1/50 గానీ పెడితే చారలు చాలావరకు పోతాయి. 1/100లో ఆట మసకబారుతుంది కదా అంటే, పులి వేషం ఎగిరి గాల్లో పైకి చేరిన చోట ఒక్క క్షణం నిలుస్తుంది. డప్పు దెబ్బ వింటుంటే ఆ క్షణం ముందే తెలిసిపోతుంది. రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర రాత్రి దీపాల్లో తీసినా ఇదే లెక్క పనికొస్తుంది. గుడిలోపల మాత్రం ముందు అడిగి తీయండి.

రాత్రి కెమెరా తెరను నమ్మకండి. చీకట్లో అది ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫ్) పెట్టుకుని, కొండలాంటి ఆ బొమ్మ కుడి అంచుకి గుద్దుకుందేమో చూడండి. గుద్దుకుంటే మొహాలు కాలిపోయి ఉండొచ్చు. దీపాలు మాత్రమే కాలితే అది సహజం. రా ఫైల్ (కెమెరా సర్దుబాటు చేయకుండా దాచే అసలు ఫైల్) కూడా పెట్టుకుంటే దీపాల పసుపు రంగును తర్వాత సరిచేసుకోవచ్చు.

సముద్రం దగ్గర లెక్క పూర్తిగా మారుతుంది. గోపాల్‌పూర్‌లో మన తెలుగు మత్స్యకారులు, ఒడియావాళ్లు నోళియాలంటారు, తెల్లారి పడవలు ఒడ్డుకి తెస్తారు. అక్కడ సూర్యుడు సముద్రం వైపు నుంచే లేస్తాడు కాబట్టి పడవలవైపు తిరిగితే వెలుగు మన కళ్లలో పడుతుంది, వాళ్ల మొహాలు నీడలో ఉంటాయి. ఆకాశం కావాలా, మొహాలు కావాలా అని ముందే అనుకోవాలి. మొహాలు కావాలంటే అరచేతిని మీవైపు తిప్పి, నీడలో ఉన్న వెలుగును కొలవండి. ఆకాశం తెల్లబడిపోతుంది, పోనివ్వండి. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని వలలు, చేపల బుట్టలు తీస్తే పొద్దెక్కిన గంట తర్వాత ఐఎస్ఓ 400, ఎఫ్ 8, 1/1000 దగ్గర మొదలుపెట్టండి, నీటి తుంపర కూడా ఆగినట్టు వస్తుంది. మిట్ట మధ్యాహ్నం ఎండకైతే మీటరే అక్కర్లేదు. ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ ఎంతుంటే షట్టరు సెకనులో అన్నో వంతు పెట్టండి. ఐఎస్ఓ 100కి 1/100 అన్నమాట. ఫిల్ము కాలం నుంచి వస్తున్న లెక్క ఇది, స్టూడియో పెద్దాయనకి కంఠతా వచ్చు.

ఇసుకలో నిలబడి లెన్సు మార్చకండి. ఇంటికి రాగానే కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో బాడీ తుడిచి ఆరనివ్వండి. నేను వానాకాలం మొత్తం కెమెరాని తోలు సంచిలోనే ఉంచేసి ఒక లెన్సుకి బూజు పట్టించుకున్నాను. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు. మీ కొండ ప్రాంతంలోనూ వానాకాలం తేమ తక్కువేం కాదు.

లెన్సు గురించి: ఇప్పుడే వద్దు. నెల రోజులు ఒకే గది, ఒకే కిటికీ, మీ అమ్మగారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అరచెయ్యి పెట్టి చూసి అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. వారం తిరిగేసరికి కిటికీ వైపు చూసి, కెమెరా తీయకముందే అంకెలు చెప్పగలుగుతారు. అప్పటికీ వెలుగు చాలడం లేదనిపిస్తే 50 ఎంఎం, ఎఫ్ 1.8 కొనుక్కోండి. మగ్గం గదిలో 1/250, ఐఎస్ఓ 1600తో నాడెను ఆపగలిగింది అదే. మీది నికాన్ డీ3000 లేదా డీ5000 వరసల్లోది అయితే లెన్సు మీద ఏఎఫ్-ఎస్ (ఫోకస్ మోటారు లెన్సులోనే ఉండే రకం) అని ఉందో లేదో చూడండి. ఆ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి పాత ఏఎఫ్-డీ రకం పెడితే ఆటోఫోకస్ పనిచేయదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడులాంటి సన్నటి గీతలు కనిపిస్తే అది బూజు, ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోకండి.