నల్ల చారలు వచ్చినా స్పోర్ టెస్ట్ ఎందుకు ఫెయిలవుతోంది?

ప్రశ్న: మారతహళ్లిలో ఒక డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నాను. చెన్నైలో పని నేర్చుకుని ఈ మధ్యే బెంగళూరు వచ్చాను. రూట్ కెనాల్ ఫైళ్లు (పంటి వేరు లోపల శుభ్రం చేసే సన్నటి మెలికల సూదులు) కడిగి, పౌచ్‌లో పెట్టి, ఆవిరితో క్రిములను చంపే కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 15 పౌండ్ల మీద 15 నిమిషాలు ఉంచుతాను. వేడికి రంగు మారే టేపు మీద చారలు నల్లగానే వస్తున్నాయి. బాక్టీరియా బీజాలు చచ్చాయో లేదో చూసే స్పోర్ టెస్ట్ మాత్రం ఫెయిలైంది. లోపం ఎక్కడండీ?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చారలు నల్లబడితే పౌచ్‌కు వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుందమ్మా. స్పోర్ సీసాలో ఉండేవి జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ బీజాలు, ఆవిరికి తేలిగ్గా లొంగని రకం. అవి బతికాయంటే ఆ టెస్టునే నమ్మండి. ముందు ఆటోక్లేవ్ వాడకం ఆపి, ఆ విడత పౌచ్‌లన్నీ పక్కన పెట్టేయండి.

మీ లెక్కలో రెండు తేడాలున్నాయి. వాక్యూమ్ పంపు లేని ఆటోక్లేవ్‌లో, పౌచ్‌లో పెట్టిన పరికరాలకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు కావాలి. అదీ 121 అందుకున్నాక మొదలుపెట్టి. రెండోది ఊరి ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ, అందుకే ముల్లు 15 చూపిస్తున్నా లోపలి ఆవిరి 121కి ఒక డిగ్రీ పైచిలుకు తక్కువలోనే ఉండిపోతుంది. 300 మీటర్లకు అర పౌండు చొప్పున కలిపితే మీకు సుమారు 16.5 పౌండ్లు కావాలి. సేఫ్టీ వాల్వును మాత్రం మీరు బిగించకండి, తయారీదారు మెకానిక్‌తోనే సరిచేయించాలి.

లోపల గాలి మిగిలినా ఇదే జరుగుతుంది: ముల్లు ఒత్తిడి చూపిస్తుంది, వేడి చాలదు. ఆవిరి ఆగకుండా ధారగా వచ్చేదాకా వాల్వు తెరిచే ఉంచండి. పౌచ్‌లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. తడి ఆరకముందే బయటికి తీయకండి, తడిసిన కాగితం గుండా బాక్టీరియా లోపలికి వెళ్తుంది.

స్పోర్ టెస్ట్ పట్టుకోలేనిది ఒకటుంది, కడగడంలో లోపం. ఒక ఫైలు తీసుకుని, దానికి తొడిగిన చిన్న సిలికాన్ బిళ్ల (స్టాపర్) లాగేసి, భూతద్దం కింద చూడండి. మెలికల సందుల్లో, స్టాపర్ ఉన్న చోట గోధుమరంగు పొర కనిపిస్తే అది డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర) పొడి, ఎండిన రక్తం. దాని అడుగునున్న బాక్టీరియాకు ఆవిరి సరిగ్గా అందదు. అందుకే వాడిన ఫైలును ఆరనివ్వకుండా వెంటనే ఎంజైమ్ ద్రావణంలో వేయండి. తరువాత స్టాపర్లు తీసి బ్రష్ చేసి, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. స్పాంజిలో గుచ్చి పెడితే మురికి వదలదు, విడిగా వేయండి. చివరి కడుగుడికీ, ఆటోక్లేవ్‌లో పోయడానికీ డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీళ్ల ఉప్పు ఫైలు మీదా, వాల్వులోనూ తెల్లగా పేరుకుంటుంది. మెలిక విప్పుకున్న ఫైలు, వంగిన ఫైలు పారేయాల్సిందే. పంటి లోపలి నరాన్ని లాగే ముళ్ల సూది, అంటే బ్రోచ్‌ను శుభ్రం చేయడం సాధ్యం కాదు, దాన్ని ఒక్కసారికే వాడండి.

ఇవన్నీ సరిచేశాక టెస్ట్ మళ్లీ చేయండి. అదే బ్యాచ్ సీసా ఒకటి ఆటోక్లేవ్‌లో పెట్టకుండా ఉంచి, రెంటినీ కలిపి బీజాలు బతికుంటే పెరిగేలా 55–60 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచండి (ఇంక్యుబేట్ చేయండి). పెట్టనిది పసుపు రంగుకు తిరగాలి, పెట్టింది ఊదాగానే ఉండాలి. పెట్టనిది కూడా ఊదాగా ఉంటే సీసాలే పాడైనట్టు, ఆ ఫలితం లెక్కలోకి రాదు. ఆ తరువాత వారానికోసారి తప్పకుండా చేయండి.

ప్రశ్న: రూట్ కెనాల్ చేస్తూ డాక్టరు గారు ఫైలును వేడి గాజు పూసల్లో ముంచి మళ్లీ వాడుతున్నారు. భయపడాలా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీ పంటికి వాడుతున్న ఫైలునే మధ్యలో అలా ముంచితే భయం లేదండీ. ఇంకొకరికి వాడిన ఫైలును అంతమాత్రంతో మీకు వాడకూడదు. పూసల్లో మునిగేది కొన మాత్రమే, పిడి బయటే ఉండిపోతుంది. పైగా గిన్నె అంచు దగ్గర ఉన్న వేడి నడిమధ్యలో ఉండదు. పౌచ్‌ను మీ ముందే తెరవమని అడగండి. తడిగా ఉన్నా చిరిగి ఉన్నా ఇంకొకటి తీయమనండి, ఆ మాట అడగడానికి మొహమాటం వద్దు.