పులి పంజా, కొంగ ముక్కు, గొల్లభామ కొక్కెం: కుంగ్‌ఫూ జంతువుల మీద మీ ప్రశ్నలు

కుంగ్‌ఫూలో జంతువుల స్టైల్స్ గురించి ఏదైనా అడగండి అన్నాం కదా, ఉత్తరాలు బాగానే వచ్చాయి. చాలామంది ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు కాబట్టి అలాంటివన్నీ కలిపేసి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, పులి స్టైల్, పాము స్టైల్ అంటారు కదా, నిజంగా ఎవరో అడవిలో కూర్చుని జంతువుల్ని చూసి కనిపెట్టారా, లేక తర్వాత తగిలించిన పేర్లా?

రెండూ ఉన్నాయండి. జంతువుల్ని చూసి ఒళ్ళు కదపడం అనేది చైనాలో చాలా పాతది. హునాన్ రాష్ట్రంలో చాంగ్షా పక్కన మావాంగ్‌డుయ్ అనే చోట 1973లో ఒక సమాధి తవ్వితే పట్టుగుడ్డ మీద వేసిన బొమ్మ దొరికింది, అందులో 44 మంది ఆడా మగా రకరకాలుగా వ్యాయామం చేస్తుంటారు, కొన్ని బొమ్మల పక్కన జంతువుల పేర్లు కూడా రాసి ఉన్నాయి. ఆ సమాధి మూసింది క్రీ.పూ. 168లో. కాకపోతే అది ఆరోగ్యం కోసం చేసే వ్యాయామం, ఫైటింగ్ కాదు.

ఫైటింగ్ వైపు వస్తే, మింగ్ రాజుల కాలంలో సముద్రపు దొంగలతో పోరాడిన చీ జిగువాంగ్ అనే సేనాని 1560 ప్రాంతంలో సైనికుల ట్రైనింగ్ మీద ఒక పుస్తకం రాశాడు. అప్పటి పేరున్న యోధుల లిస్టు ఇస్తూ అందులో డేగగోళ్ళ వాంగ్ పట్టు అని ఒకటి చెప్తాడు. అంటే అప్పటికే ఒకతను పట్టుకుంటే వదలడు అని డేగ పేరు తెచ్చుకున్నాడన్నమాట. షావోలిన్ అనే బౌద్ధ ఆలయంలోని సన్యాసులు మాత్రం ఆ రోజుల్లో కర్రకి ఫేమస్, 1600ల మొదట్లో చెంగ్ జోంగ్‌యౌ అనే ఆయన అక్కడే ఏళ్ళ తరబడి ఉండి నేర్చుకుని రాసిన పుస్తకం కూడా కర్రసాము మీదే. ఇప్పుడు మనం షావోలిన్ అనగానే చెప్పుకునే ఐదు జంతువులు, అంటే డ్రాగన్, పాము, పులి, చిరుత, కొంగ, ఇవి ఒక సెట్టుగా పేరు తెచ్చుకున్నది ఆ తర్వాతే.

అయితే ఉత్త పేర్లేనా అంటే కాదు, ఇది చెయ్యి చెప్తుంది. చదువుతూనే మీ కుడి చెయ్యి ముందుకి చాపండి. వేళ్ళు దూరం దూరంగా పెట్టి, ఒక్కొక్క వేలూ కణుపుల దగ్గర వంచి, అరచేయి ముందుకి తొయ్యండి. మోచేతి దాకా నరాలు బిగుసుకున్నాయి కదా, అది పులి పంజా. ముందు అరచేతి మడమ, అంటే మణికట్టు పక్క భాగం, తగులుతుంది, వెంటనే వేళ్ళు పట్టుకుంటాయి. ఇప్పుడు వేళ్ళు దగ్గరికి తెచ్చి సగం మాత్రమే మడవండి, పూర్తి పిడికిలి కాకుండా మధ్య కణుపులు ముందుకి వచ్చేలా. అది చిరుత, పిడికిలి పట్టని సన్నటి సందులోకి, గొంతు దగ్గరికో పక్కటెముకల మధ్యకో దూరిపోతుంది. ఐదు వేళ్ళూ మొగ్గలా ఒకచోటికి తెస్తే కొంగ ముక్కు, బలం అంతా ఒక చుక్క మీద పడుతుంది. ఇలా ఒక్కో జంతువు దగ్గర్నుంచీ ఒక్కో పని తీసుకున్నారు. పులిలా గాండ్రించక్కర్లేదు, పులి ఎలా పట్టుకుంటుందో తెలిస్తే చాలు. పులితో ఎముక, చిరుతతో బలం, పాముతో ఊపిరి, కొంగతో లోపలి సారం, డ్రాగన్‌తో మనసు సాధన అవుతాయని పాత గురువులు చెప్పేది కూడా ఈ లెక్కే.

ప్రశ్న: పులిని చూశారు, కొంగని చూశారు, సరే. డ్రాగన్‌ని ఎవరు చూశారు?

మంచి ప్రశ్న అడిగారు. ఎవరూ చూడలేదు, అయినా డ్రాగన్ ఎలా కదులుతుందో చైనాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, మెలికలు తిరుగుతూ మబ్బుల్లోకి లేచి మళ్ళీ కిందకి దిగుతుంది. ఆ మెలికే కావాలి వాళ్ళకి. నడుము తిరిగితే ఆ తిరుగుడు భుజానికి, అక్కడ్నుంచి చేతికి వస్తుంది. షింగ్యీ అనే ఇంకో పద్ధతిలో 12 జంతువులు ఉంటాయి, అందులో డ్రాగన్ అయితే ఒంటిని మెలిపెట్టి నేల దాకా కూర్చుని ఒక్కసారిగా పైకి లేవడం. చూడ్డానికి సింపుల్, పది సార్లు చేస్తే తొడలు వణుకుతాయి. ఆ 12లో మొసలి జాతి జంతువు, కోడిపుంజు, పిచ్చుకల్ని వేటాడే చిన్న డేగ, గుర్రం కూడా ఉన్నాయి, అంటే భయంకరమైన జంతువే కావాలని రూలేం లేదు.

ప్రశ్న: బోధిధర్ముడు మన దక్షిణాది నుంచి వెళ్ళి షావోలిన్‌లో కుంగ్‌ఫూ, జంతువుల స్టైల్స్ నేర్పాడని విన్నాను, నిజమేనా?

మనవాడు నేర్పాడు అనుకోవడం నాకూ ఇష్టమేనండి, ఏళ్ళ పాటు నమ్మాను కూడా. కానీ చదివేకొద్దీ నిలబడలేదు. బోధిధర్ముడి గురించి దొరికే అన్నిటికంటే పాత ప్రస్తావన 547 నాటి లోయాంగ్ నగరం గుళ్ళ వర్ణనలో ఉంది, అందులో ఆయన్ని పర్షియా నుంచి వచ్చిన సన్యాసి అన్నారు. ఆ తర్వాతి రాతల్లోనే దక్షిణ భారతం వాడు అని వస్తుంది. ఈ పాత రాతలు దేంట్లోనూ ఆయన ఎవరికైనా ఫైటింగ్ నేర్పినట్టు లేదు. ఆయన పేరు వ్యాయామాలతో ముడిపడింది 1624 నాటి కండరాల సాధన పుస్తకం ఒకదానితో, అంటే ఆయన తర్వాత వెయ్యేళ్ళు దాటాక. చైనాలోనే తాంగ్ హావ్ అనే చరిత్రకారుడు 1930ల్లో ఈ కథని గట్టిగా ఖండించాడు.

అయితే బాధపడక్కర్లేదు, ఇండియా లింకు నిజంగానే ఉంది. షావోలిన్ గుడి 495లో కట్టించింది బాతువో అనే భారతీయ సన్యాసి కోసమే, మొదటి పెద్దగా ఉన్నదీ ఆయనే. ఈయన పేరు ఎవరూ ఎత్తరు, అదే నాకు బాధ.

ప్రశ్న: గొల్లభామ అంత చిన్న పురుగు, దాన్ని చూసి ఏం నేర్చుకుంటారు సార్?

నాకు అన్నిటికంటే ఇష్టమైన స్టైల్ ఇదే, కాస్త ఎక్కువ చెప్తాను. షాన్‌డాంగ్ రాష్ట్రంలో వాంగ్ లాంగ్ అనే యోధుడు ఓడిపోయి దిగులుగా కూర్చుంటే, ఒక గొల్లభామ తనకంటే బరువున్న కీచురాయిని పట్టేయడం చూశాడట. దాన్ని పట్టి తీసుకెళ్ళి పుల్లతో పొడుస్తూ ముందు కాళ్ళు ఎలా ఆడిస్తుందో గమనించి చేతుల పని నేర్చుకున్నాడట. కాళ్ళు మాత్రం కోతి దగ్గర్నుంచి తీసుకున్నాడు, ఎందుకంటే గొల్లభామ నిలబడిన చోటే ఉంటుంది, మనిషి అలా ఉంటే కుదరదు కదా. ఇది కథే, ఇలాగే జరిగిందని రుజువు లేదు. కానీ చేతులు పైన ఒకలా, కాళ్ళు కింద ఒకలా అనే ఆలోచన మాత్రం ఇప్పటికీ ఆ స్టైల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

చెయ్యి ఎలా ఉంటుందంటే, మణికట్టు కిందకి వంచి, బొటనవేలు చూపుడువేలు కలిపి, మిగతా వేళ్ళు లోపలికి ముడిచి ఒక కొక్కెంలా చేస్తారు. ఎదుటివాడు గుద్దు విసిరాడనుకోండి, దాన్ని ఆపరు, ఆ కొక్కెం అతని మణికట్టు మీద వేసి అతను వస్తున్న వైపే ఇంకాస్త లాగుతారు, రెండో చెయ్యి అప్పటికే అతని మోచేయి మీద ఉంటుంది. అతని బరువంతా ముందు కాలి మీదకి వచ్చేస్తుంది, వెనక్కి పోలేడు, ఆ అర సెకనులో మొదటి చెయ్యే పట్టు వదిలి మొహం మీదకి వెళ్తుంది. లాగడం, కొట్టడం రెండూ ఒకే చేతితో. పక్కన నిలబడి చూస్తే రెండు చేతులా నాలుగు చేతులా అనిపిస్తుంది.

ఇందులో సెవెన్ స్టార్, ప్లమ్ బ్లాసమ్ లాంటి శాఖలున్నాయి. సెవెన్ స్టార్ గురువు లువో గువాంగ్‌యూ 1919లో షాంఘైలో కుంగ్‌ఫూ నేర్పే జింగ్‌వూ సంఘానికి వెళ్ళి నేర్పడం మొదలుపెట్టాక ఇది ఉత్తరాది దాటి బాగా పాకింది. దక్షిణ చైనాలో హక్కా జనం చేసే గొల్లభామ స్టైల్ ఇంకోటి ఉంది, పేరు ఒకటే కానీ దీనికీ దానికీ చుట్టరికం లేదు, రెండూ కలిపేసి అయోమయపడకండి.

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్ళు, బాగా సన్నం. కొంగ స్టైల్ నేర్చుకుంటానంటుంది, క్లాసులో సార్ ముందు పులి అంటున్నారు. ఎవరి మాట వినాలి?

అమ్మా, పాపది మంచి ఆశే. తెల్లకొంగ స్టైల్ మొదలుపెట్టింది ఒక ఆడపిల్ల అనే చెప్తారు. ఫూజియన్ రాష్ట్రం యోంగ్‌చున్ వైపు ఫాంగ్ చీన్యాంగ్ కథ అది. ఒక కొంగ వాలితే కర్రతో అదిలించబోయిందట, తలమీద కొట్టబోతే రెక్కతో తప్పించింది, రెక్క మీద కొట్టబోతే పక్కకి జరిగింది, పొడవబోతే ముక్కుతో పొడిచింది. తండ్రి నేర్పిన విద్యలో ఇది కలిపి కొత్త పద్ధతి చేసింది అంటారు. ఎదుటివాడి బలానికి అడ్డుపడకుండా పక్కకి జరగడమే ఇందులో కిటుకు, సన్నగా ఉన్నవాళ్ళకి నప్పుతుంది అనేది అందుకే. ఫూజియన్ కొంగ ప్రభావం సముద్రం దాటి ఒకినావా కరాటేలో కూడా ఉంది.

కానీ మీ సార్ చెప్పినదాంట్లో న్యాయం ఉందమ్మా. కొంగ ఒంటికాలి మీద నిలబడాలంటే ముందు రెండు కాళ్ళ మీద గట్టిగా నిలబడ్డం రావాలి. గ్వాంగ్‌డాంగ్ వైపు హుంగ్ గా పద్ధతిలో పులి, కొంగ రెండూ కలిపి ఒకే ఫామ్‌గా, అంటే వరసగా చేసే కదలికల సెట్టుగా చేస్తారు. ఆ పద్ధతిలో పేరున్న గురువు వాంగ్ ఫీ హుంగ్ శిష్యుడు లామ్ సాయ్ వింగ్ దాన్ని పుస్తకంగా కూడా వేయించాడు. అక్కడ కూడా మొదలు గుర్రం స్టాన్స్‌లో, అంటే గుర్రం ఎక్కినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచి, కూర్చోబెట్టడమే. కాబట్టి సార్ చెప్పినట్టే కానివ్వండి. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి, వేళ్ళు, కణుపులు గట్టిపడాలని ఇసుకలో గానీ గోడకి గానీ కొట్టిస్తున్నారా అని. ఎదిగే ఎముకలు అవి, పదకొండేళ్ళ పిల్లకి అస్సలు వద్దు.

ప్రశ్న: ఇవన్నీ రింగ్‌లో పనిచేస్తాయా?

చైనా వాళ్ళ సొంత రింగ్ ఫైటింగ్ సాండా చూడండి, అందులో పంజాలు, ముక్కులు కనిపించవు. గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళు ఎక్కడివి? పైగా కళ్ళు, గొంతు మీద కొట్టకూడదు. లాగి బ్యాలెన్స్ తప్పించడం, పక్కకి జరగడం లాంటివి మిగుల్తాయి. కానీ ఫామ్స్ ఎన్ని చేసినా, ఎదురు తిరిగే మనిషితో ప్రాక్టీస్ లేకపోతే ఏ జంతువూ కాపాడదు.

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. ఫైటింగ్ వద్దు, ఆరోగ్యం కోసం జంతువుల వ్యాయామం ఏదైనా చెయ్యొచ్చా?

మీకోసమే పుట్టింది ఒకటి ఉందండి, వూ చిన్ షీ, అంటే ఐదు జంతువుల ఆట. పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి. రెండో శతాబ్దపు వైద్యుడు హువా తువో నేర్పాడని పాత చరిత్రల్లోనే రాసి ఉంది. తిరిగే తలుపు బందు పుచ్చిపోదు, ఒళ్ళూ అంతే అని శిష్యుడు వూ పూకి చెప్పాడట. ఆ శిష్యుడు తొంభై దాటాక కూడా కళ్ళు, చెవులు, పళ్ళు బాగానే ఉన్నాయని ఆ రాతల్లోనే ఉంది. ఆయన నేర్పిన కదలికలు ఉన్నవి ఉన్నట్టు మనదాకా రాలేదు, ఇప్పుడు ఎక్కువగా చేసేది చైనా క్రీడా శాఖ వాళ్ళు తయారుచేసిన సెట్టు, జంతువుకి రెండు చొప్పున పది కదలికలు.

ముందు మీ డాక్టర్‌ని అడగండి, సరే అంటే ఎలుగుతో మొదలుపెట్టండి. కాళ్ళు భుజాలంత ఎడంగా, మోకాళ్ళు బిగపట్టకుండా నిలబడి, చేతులు వదులు పిడికిళ్ళుగా పొట్ట దగ్గర పెట్టుకుని, నడుము పైభాగాన్ని నెమ్మదిగా గుండ్రంగా తిప్పడం, అటు మూడు ఇటు మూడు. చేతులు వాటంతట అవి కదలవు, పొట్టతో పాటు వస్తాయి, అది కుదిరితే ఎలుగు వచ్చినట్టే. పులి వేటలో మోకాలు వంచి ముందుకి వంగడం ఉంటుంది, అది ప్రస్తుతానికి వదిలెయ్యండి. పక్షిలో ఒక కాలు లేపాలి, గోడ పక్కన నిలబడి చెయ్యండి, పాదం జానెడు లేచినా చాలు.