ఇంటికి ఎనిమిది మార్కులు, ఇంట్లో సంతోషానికి నాలుగు

ప్రశ్న: మాది తిరుపతి. బస్టాండు దగ్గర ఒక హోటల్లో సూపర్‌వైజర్‌ని, జీతం 42 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 20 వేలు వస్తుంది. ఇద్దరు పిల్లలు. 71 ఏళ్ల మా అమ్మ మాతోనే ఉంటుంది. మూడేళ్ల కిందట తిరుచానూరు రోడ్డులో ఫ్లాట్ కొన్నాం. హౌసింగ్ లోన్ 28 లక్షలు, కంతు 24,300. కబోర్డులకు, సీలింగుకు, గృహప్రవేశానికి 3 లక్షల పర్సనల్ లోన్ తీశాను. దాని కంతు 8,200, ఇంకా 11 నెలలుంది. మా ఆవిడ నగల మీద 2 లక్షలు తెచ్చాం, వడ్డీ నెలకు 2 వేలు. ఆవిడ పేరున 2 లక్షల చీటీ ఉంది, నెలకు 5 వేలు. 40 నెలల్లో 26 కట్టాం, ఇంకా ఎత్తలేదు. లోన్ యాప్‌లలో 60 వేలు బాకీ, నెలకు 7 వేలు పోతోంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మొన్న కరెంటు పోయిన రాత్రి పిల్లలు ఆటగా అందరినీ పదికి మార్కులు వేయమన్నారు. ఇంటికి అందరమూ ఎనిమిది పైనే వేశాం. ఇంట్లో సంతోషానికి మా ఆవిడ నాలుగు వేసింది. ‘ఇల్లు బాగానే ఉండాది, మనమే బాగలేము’ అనింది. పాప అయిదు వేసి, ‘నాన్న ఫోను మోగితే అందరూ మాటలు ఆపేస్తారు’ అనింది. తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు ఇస్తానంటున్నాడు. దాంతో ఏర్పేడు వైపు ప్లాటు బుక్ చేస్తే రెండేళ్లలో రేటు పెరిగి అప్పులన్నీ తీరిపోతాయని ఆశ. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ 3 లక్షల జోలికి పోవద్దు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. యాప్ కంతు కట్టడానికే తడుముకుంటున్న మనిషికి మరో 6 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ప్లాటు రేటు పెరగొచ్చు, పెరగకపోవచ్చు. వడ్డీ మాత్రం నెల తిరగ్గానే గడప దగ్గర నిలబడుతుంది. పైగా అమ్ముకోవాలనుకున్న రోజున కొనేవాడు దొరకాలి. అప్పు తెచ్చి స్థలం మీద పెట్టి, చివరికి ఆ స్థలాన్నే అయినకాడికి వదిలించుకున్న కుటుంబాలను ఈ ఊళ్లోనే చాలా చూశాను. ఈ మాట నాకు చాలా కోపంతో వస్తోంది, ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం ప్లాటు కాదు. ఇల్లు కొన్న రోజు మీరు చేసిన పొరపాటును నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చేస్తున్నారు. పొదుపంతా మార్జిన్ డబ్బుకు (లోన్ పోను మన చేతి నుంచి పెట్టే వాటా), రిజిస్ట్రేషన్‌కు ఊడ్చిపెట్టారు. మిగిలిన సోకులకు పర్సనల్ లోన్ తెచ్చారు. తాళాలు చేతికొచ్చిన రోజున బ్యాంకు ఖాతాలో ఒక్క నెల ఖర్చు కూడా లేదు. ఆ తర్వాత వచ్చినవేవీ పెద్ద కష్టాలు అయి ఉండవు. ఒక జ్వరం, ఒక స్కూలు ఫీజు, ఊళ్లో ఒక పెళ్లి. చేతిలో డబ్బుంటే ఇవన్నీ మామూలు ఖర్చులే. లేదు కాబట్టి మొదట నగలు వెళ్లాయి, తర్వాత యాప్ వచ్చింది.

మీ లెక్క నేను వేశాను. 62 వేల ఆదాయంలో రెండు కంతులు, నగల వడ్డీ, చీటీ, యాప్ పోను మీకు మిగిలేది 15,500. అయిదుగురు మనుషులు, అందులో ఒక పెద్దావిడ. బియ్యం, పాలు, కరెంటు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పిల్లల ఆటో అన్నీ అందులోనే. మీ శ్రీమతి నాలుగు మార్కులు వేశారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆ నాలుగు మీ గుణానికి వేసినవి కావు, ఈ 15,500కు వేసినవి.

మీరు హోటల్లో పనిచేస్తున్నారు కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. మళ్లీ సామాన్య భక్తులను అనుమతించింది జూన్ 11న. ఆ ఎనభై రోజులూ ఈ ఊరు ఎట్లా ఉండిందో మీకు నేను చెప్పాలా? లాడ్జీలకు తాళాలు, ట్యాక్సీలు ఇళ్ల ముందు, పూలమ్మేవాళ్లు, గుండు గీసేవాళ్లు అందరూ ఖాళీ. అప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరు అన్నదమ్ములున్నారు, ఇద్దరికీ చెరొక టూరిస్టు వ్యాను. తమ్ముడి దగ్గర అయిదు నెలల ఖర్చు డిపాజిట్‌లో ఉంది. అన్న దగ్గర ఏమీ లేదు. అన్న వ్యాను అమ్మి, తమ్ముడి దగ్గరే డ్రైవరుగా చేరాడు. ఇద్దరి సంపాదన ఒకటే, ఇద్దరి కష్టమూ ఒకటే. మరుసటి ఏడాది నవంబరులో వరద వచ్చి వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు కూడా ఇదే కథ చూశాను. కొండ మీదికి జనం రాకపోతే ఆగిపోయే ఊళ్లో బతుకుతూ, అత్యవసర నిధి లేకుండా ఇరవై ఏళ్ల లోన్ ఎత్తుకోవడం నాకు భయం పుట్టిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మీకు దారి మీ ఇంట్లోనే ఉంది, ఆ చీటీ. 26 నెలలు కట్టారు కాబట్టి వచ్చే పాటలో ఎత్తుకోండి. చివరికొచ్చిన చీటీలో తగ్గింపు మరీ ఎక్కువ ఉండదు. 1,80,000 చేతికొస్తుందని లెక్క వేస్తున్నాను. జామీనుకు ఎవరు సంతకం పెడతారో ముందే చూసుకోండి. వచ్చిన రోజే 60 వేలతో యాప్ బాకీలు మొత్తం మూసేసి, బాకీ లేదని కాగితం తీసుకుని, ఆ యాప్‌లను ఫోన్‌లోంచి తీసేయండి. దాంతో నెలకు 7 వేలు ఇంట్లో ఆగి, ఇంటి ఖర్చుకు 22,500 అవుతుంది.

మిగిలిన 1,20,000 దగ్గరే మీరు నాతో వాదిస్తారు. నగల మీద 12 శాతం కడుతూ, డిపాజిట్‌లో దాని సగం వడ్డీకి డబ్బు పెట్టడమేమిటి, నగలు విడిపించుకుందాం అంటారు. కాగితం మీద మీ మాటే నిజం. కానీ నగలు విడిపించిన మరుసటి నెల అమ్మగారిని స్విమ్స్‌లోనో వేలూరులోనో చూపించాల్సి వస్తే, అవే నగలు మళ్లీ అదే కౌంటరు మీదికి వెళ్తాయి. లేదంటే మళ్లీ యాప్ తెరుస్తారు. ఆ 1,20,000ను వేరే బ్యాంకులో, ఏటీఎం కార్డు లేని ఖాతాలో, చిన్న చిన్న డిపాజిట్లుగా వేయండి. అది మీ ఇంటికి రెండు నెలల ఊపిరి. 11 నెలల తర్వాత పర్సనల్ లోన్ అయిపోగానే ఆ 8,200 అక్కడికే వెళ్లాలి. మరో మూడు నెలలకు చీటీ కూడా తీరుతుంది, ఆ 5 వేలూ అక్కడికే. ఇలా చేస్తే రెండేళ్ల రెండు నెలల్లో 3 లక్షలు నిలుస్తాయి, అంటే అప్పటికి మీ ఆరు నెలల ఖర్చు. నగలు ఆ తర్వాత. ఆలోపు బోనస్ వస్తే మాత్రం దాన్ని నగలకే కట్టండి. టీవీ మార్చడం, కొత్త బండి లాంటి మాటలు ఈ రెండేళ్లూ వద్దు.

యాప్ వాళ్ల ఫోన్లకు పాప భయపడుతోంది కాబట్టి ఇది తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ ఫోన్‌లోని కాంటాక్టులు యాప్ తీసుకోకూడదు. బంధువులకు ఫోన్లు చేసినా, ఫొటోలు మార్చి బెదిరించినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

మిగతావి క్లుప్తంగా. మీ మీద 28 లక్షల లోన్ ఉంది కాబట్టి 50 లక్షలకు తగ్గకుండా టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా, తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అమ్మగారికి 70 దాటాయి, పెద్దల ఆసుపత్రి ఖర్చులకు ప్రభుత్వమిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు నమోదు చేయించండి. 2025లో రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 6.5 శాతం నుంచి 5.25కి దిగింది, మీ లోన్ వడ్డీ ఎంత తగ్గిందో బ్యాంకులో అడిగి, కాలం తగ్గించే బదులు కంతు తగ్గించమని రాసివ్వండి. సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే డబ్బు) గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఇల్లు అమ్మాల్సిన అవసరం లేదు.

ఒక్కటి మిగిలింది. చీటీ మీ శ్రీమతి పేరున ఉంది. ఆవిడ సంతకం లేకుండా డబ్బు రాదు, ఆవిడకు చెప్పకుండా సంతకం అడగకూడదు. వచ్చే పాట తేదీ కనుక్కోండి. దానికి ముందు వచ్చే ఆదివారం పిల్లలను మిద్దె మీదికి ఆడుకోవడానికి పంపి, యాప్‌లన్నీ తెరిచి ఫోను ఆవిడ చేతికివ్వండి. కోప్పడతారు, ఏడుస్తారు కూడా. మధ్యలో లేచి వెళ్లిపోకండి. ఆ తర్వాత ఈ లెక్క ఇద్దరూ కలిసి ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, డిపాజిట్ ఖాతా ఇద్దరి పేర్లమీదా తెరవండి.