‘ప్రజావేగు’ వేగేనా?

సందేహం: మా అబ్బాయి లాప్‌టాప్‌లో ‘స్నోడెన్’ సినిమా చూశాం. సర్కారు జనం ఫోన్లూ మెయిళ్లూ చాటుగా గమనిస్తోందని బయటపెట్టిన అమెరికా ఉద్యోగి కథ. ఇలాంటివాళ్లను పత్రికలు ‘ప్రజావేగు’ అంటున్నాయి. వేగు అంటే గూఢచారి కదండీ? మా మామయ్యగారైతే ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని ఒక్క మాటలో తేల్చేశారు. ఏ మాట వాడాలి?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీ అనుమానం సరైనదే. పరుల గుట్టు కనిపెట్టి రాజుకు చేరవేసేవాడు వేగు. అరవంలో ‘వేవు’ ఇదే. విరాటపర్వంలో పాండవుల కోసం ఊళ్లు గాలించి, జాడ దొరకలేదని దుర్యోధనుడికి చెప్పుకున్నది వేగులవాళ్లే. వేగుచుక్కలోది తెల్లవారడం, ‘వీడితో వేగలేను’లోది వేపుడు. వాటితో ఇప్పుడు పని లేదు.

స్నోడెన్ మాత్రం రాజు గుట్టు జనానికి చెప్పాడు. 2013లో హాంకాంగ్ హోటల్లో విలేకరులకు పత్రాలు ఇచ్చాడు. అమెరికా అతని మీద 1917 నాటి గూఢచర్య చట్టం కింద కేసు పెట్టింది. అంటే ‘వేగు’ అన్నది నేరం మోపినవాళ్ల మాట. ముందు ‘ప్రజా’ తగిలించినంత మాత్రాన ఆ మచ్చ పోదు. ప్రజల తరఫు వేగా, ప్రజల మీద వేగా? సమాసం రెండింటికీ ఒదుగుతుంది. చాటుగా ఫోన్లు విన్న సంస్థకే ఇంకా బాగా అతుకుతుంది. పైగా సంస్కృత మాటకు తెలుగు మాట అతికించిన వైరిసమాసం. పత్రికలవాళ్లు అచ్చుకు పంపే ముందు ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది.

ఇక మామయ్యగారి సామెత. దానికి మన నెల్లూరాయనే జవాబు చెప్పాడు. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి రాచగుట్టులు ఎరిగిన తిక్కన, ఉద్యోగపర్వంలో కౌరవసభలో కృష్ణుడి చేత ఏమనిపించాడు? ధర్మాన్ని పాపమూ సత్యాన్ని బొంకూ చెరుస్తుంటే, ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అన్నాడు. సామెతలోనూ చేటే, ఇక్కడా చేటే. అక్కడ గుట్టు విప్పితే చేటు, ఇక్కడ చూస్తూ ఊరుకుంటే చేటు.

ఆ ‘ఉపేక్ష’ చూడండి. ఉప అంటే దగ్గర, ఈక్ష అంటే చూపు. దగ్గరే ఉండి, కళ్లారా చూస్తూ, ఊరుకోవడం. దూరాన ఉన్నవాడికి, తెలియనివాడికి ఆ దోషం అంటదు. తిక్కన ఊరికే ‘జనులు’ అనలేదు, ‘దక్షులు’ అన్నాడు; ఆపగల సత్తా ఉన్నవాళ్లన్నమాట. ఈ రోజుల్లో అధికారుల ప్రకటనల్లో ‘ఉపేక్షించేది లేదు’ అని రోజూ చదువుతున్నాం. క్షమించం, వదిలిపెట్టం అనే బెదిరింపుగా అరగదీశారు ఆ మాటను. అందులోని చూపు పోయింది. నాకు బాధ కలిగేది అక్కడే. సినిమాలో స్నోడెన్ రంగుల క్యూబులో ఒక బిళ్ల కింద మెమరీ కార్డు దాచి, క్యూబును కాపలావాడి చేతికే విసిరి బయటికి నడుస్తాడు చూడండి, అప్పుడు నాకు ఈ పద్యమే గుర్తొచ్చింది. లోపలే ఉన్నాడు, చూశాడు, ఉపేక్ష చేయలేకపోయాడు.

మాటకొస్తే, ఇలాంటివాళ్లకు ఇంగ్లీషులో ఉన్న ‘విజిల్ బ్లోయర్’ను ‘ఈల వేసేవాడు’ అని అనువదించకండి. మనకు ఈల సినిమాహాల్లోది. ‘లీకు వీరుడు’ మరీ అన్యాయం. ‘విజిల్ బ్లోయర్’ అని తెలుగు లిపిలో రాసినా నాకు అభ్యంతరం లేదు. నేనైతే ‘గుట్టు విప్పినవాడు’ అంటాను. కాస్త పొడుగే, కాని ఎవరి గుట్టో ముందు చేర్చుకోవచ్చు: సర్కారు గుట్టు విప్పినవాడు. ‘ప్రజావేగు’ ఇప్పటికే వ్యాప్తిలోకి వచ్చింది కాబట్టి, మీ అబ్బాయి పరీక్షలో రాస్తే తప్పని కొట్టేయమనను.