కొబ్బరితోట అమ్మి లండన్‌లో ఎంఎస్సీ చదివించాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మాయి కాకినాడలో బీబీఏ చివరి ఏడాది. జనం వస్తువులు ఎలా కొంటారో చదివి, దాన్ని ప్రభుత్వ సబ్సిడీ పథకాల్లో వాడే పని చేస్తానంటోంది. దానికి లండన్‌లో బిహేవియరల్ ఎకనామిక్స్ అనే ఏడాది ఎంఎస్సీ చేయాలట. మా బావమరిది మార్కెటింగ్ ఎంబీఏ చాలంటున్నాడు. ఏది మేలు? తోట అమ్మాలా?

జవాబు: తోట అమ్మకండి. మీ టెన్షన్ అంతా దాని గురించే కాబట్టి ముందు ఆ మాట చెబుతున్నాను.

అమ్మాయి చెప్పే పని మాత్రం గాలిమాట కాదండి. సూర్యఘర్ పథకంలో ఇంటిమీద 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78,000 రూపాయలు ఇస్తుంది. కానీ ముందు మనం డబ్బో అప్పో పెట్టి బిగించుకోవాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. అక్కడే చాలామంది వెనకాడతారు. సబ్సిడీ పెంచాలా, ఇచ్చే తీరు మార్చాలా, పక్కింట్లో తగ్గిన కరెంటు బిల్లు చూపిస్తే చాలా? ఇది తేల్చడమే ఆ పని. ఇలాంటిదే ఒక ఉదాహరణ: రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతంలో నోబెల్ పొందిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు ఇచ్చి చూసింది. శిబిరాలు మాత్రమే పెట్టిన ఊళ్లలో 18 శాతం పిల్లలకు టీకాలన్నీ పూర్తయితే, పప్పు కూడా ఇచ్చినచోట 39 శాతానికి పూర్తయ్యాయి.

నా అనుమానమల్లా ఆ ఏడాది కోర్సు మీదే. ఇలాంటి కోర్సుల చుట్టూ, సర్కారు పంపే ఉత్తరంలో ఒక వాక్యం మారిస్తే జనం మారిపోతారన్న ప్రచారం ఎక్కువైంది. బ్యాంకు అప్పు ఇవ్వకపోతే ఎంత తియ్యటి ఉత్తరమూ పనిచేయదు. పైగా మన దగ్గర ఈ కోర్సు పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. ఈ పని పరిశోధన సంస్థల్లో, పథకాల మదింపు ప్రాజెక్టుల్లో ఉంటుంది. అక్కడ చూసేది సర్వే చేయడం, లెక్కలు సరిపోల్చడం, స్టాటిస్టిక్స్ వచ్చా అని. అవి ఏడాదిలో హడావిడిగా అబ్బవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనో ఎకనామిక్స్ ఎంఏ చేస్తే గట్టి పునాది పడుతుంది. మొదటి జీతం పెద్దగా ఉండకపోవచ్చు, కానీ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ వచ్చిన పిల్లకు బ్యాంకులు, మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు కూడా దారే. లండన్ కావాలంటే తర్వాత స్కాలర్‌షిప్ మీద వెళ్లొచ్చు. అమ్మకాలు, టార్గెట్లు ఇష్టమైతేనే మార్కెటింగ్ ఎంబీఏ.

ఒక మాట కటువుగా అంటాను. మీ బావమరిది ఏమన్నాడో రాశారు, అమ్మాయి చివరి ఏడాది ప్రాజెక్టు దేనిమీద చేస్తోందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? చదవాల్సింది ఆమె. ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి, మార్కుల జాబితా జతచేసి. స్టాటిస్టిక్స్‌లో ఎంత వచ్చిందో చూసి, ఏ ఎంఏకు దరఖాస్తు చేయాలో ఆమెకే చెబుతాను.