వెయిటింగ్ నంబరు సరే, ముందున్న అక్షరాలు చూశారా?

ప్రశ్న: సంక్రాంతికి నలుగురం కాకినాడ వెళ్లాలి. గౌతమిలో లింగంపల్లి నుంచి తీసిన టికెట్ మీద జీఎన్‌డబ్ల్యూఎల్ 62, పక్కన డబ్ల్యూఎల్ 18 అని ఉంది. మా తోడల్లుడు కోణార్క్‌లో సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి తీశాడు, ఆయనది పీక్యూడబ్ల్యూఎల్ 9. తనదే ముందు కన్ఫర్మ్ అవుతుందని అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ తోడల్లుడిగారిని కాస్త ఆగమనండి. మీవి రెండూ ఒకే క్యూలో నిలబడ్డ నంబర్లు కావు. మీ 62 అనేది టికెట్ తీసిన రోజు దొరికిన స్థానం, 18 అనేది ఇవాళ్టి స్థానం, అంటే మీ ముందున్నవాళ్లలో 44 మంది ఇప్పటికే తప్పుకున్నారు. గౌతమి బయల్దేరేదే లింగంపల్లిలో కాబట్టి మీది జనరల్ వెయిటింగ్, జీఎన్ అంటే అదే, డబ్ల్యూఎల్ అంటే వెయిటింగ్ లిస్టు. బండి మొదలయ్యే చోట బెర్తుల కోటా పెద్దది, రద్దయ్యేవీ ఎక్కువే, అందుకే లిస్టు చకచకా కదులుతుంది.

ఆయన బండి ముంబయిలో బయల్దేరి భువనేశ్వర్ పోతూ మధ్యలో సికింద్రాబాద్‌లో ఆగేది. ఎక్కడమూ మధ్యలోనే, దిగడమూ మధ్యలోనే. ఇలాంటి ప్రయాణాలకు పూల్డ్ కోటా అని కొద్దిపాటి బెర్తులు పక్కన పెడతారు, దారిలో బోలెడు స్టేషన్లవాళ్లు వాటినే పంచుకోవాలి. ఆ కొద్దిలోంచి ఎవరైనా రద్దు చేసుకుంటేనే ఆయన 9 కాస్తా 8 అవుతుంది. నేనైతే పీక్యూ 9 కన్నా జీఎన్ 18నే నమ్ముకుంటాను. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అని కనిపించినా దాదాపు ఇదే కథ, దారిలో ఉన్న పెద్ద స్టేషన్లకు విడిగా ఇచ్చే కోటా అది.

అలాగని మీది ఖాయమని చెప్పను, పండగ రోజుల్లో టికెట్ రద్దు చేసుకునేవాడెవడు చెప్పండి! చార్ట్, అంటే ఎవరికి ఏ బెర్తో తేల్చే తుది జాబితా, వేసేటప్పుడు ఎమర్జెన్సీ కోటా లాంటి వాటిలో మిగిలిన బెర్తులు వెయిటింగ్‌వాళ్లకు వదులుతారు, పెద్ద కదలిక అప్పుడే. ఇదివరకు బండికి నాలుగు గంటల ముందు వేసే చార్ట్‌ను 2025లో బాగా ముందుకు జరిపారు కాబట్టి బ్యాగులు సర్దకముందే సంగతి తేలిపోతుంది. వచ్చే ఏడాదికి ఒక మాట: 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 120 రోజులకు కాకుండా 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 13 ప్రయాణానికి నవంబర్ 14 పొద్దున 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

ప్రశ్న: స్టేటస్ ఆర్‌ఏసీ అని చూపిస్తోంది. ఎక్కొచ్చా? పడుకోవడానికి బెర్తు ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: నిశ్చింతగా ఎక్కండమ్మా, కూర్చోవడానికి మాత్రం ఢోకా లేదు. ఆర్‌ఏసీ అంటే ఎవరైనా రద్దు చేసుకుంటే పూర్తి బెర్తు, అందాకా సగం. ఒక సైడ్ లోయర్ బెర్తును ఇద్దరికి సగం సగం ఇస్తారు, డబ్బులు మాత్రం పూర్తి టికెట్‌వే తీసుకుంటారు, అది నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఒకసారి గోదావరిలో నాకిలాగే వస్తే, నాంపల్లిలో ఎక్కేసరికి మిగతా సగంలో తునికి వెళ్తున్న ఒక మామ్మగారు, ఆవిడ ఒళ్లో సున్నుండల డబ్బా. కాళ్లు ఎవరు ముందు చాపాలో తెలీక ఇద్దరం కాజీపేట దాకా మఠం వేసుకునే కూర్చున్నాం. అప్పుడొచ్చాడు టీటీఈ, సికింద్రాబాద్‌లో ఎవరో ఎక్కలేదట, నన్ను అప్పర్ బెర్తుకు పొమ్మన్నాడు. సైడ్ లోయర్ మొత్తం ఆవిడకే మిగిలింది, నాకు రెండు సున్నుండలు దక్కాయి. ఇలా ఖాళీ అయిన బెర్తులు ఆర్‌ఏసీ వరసలోనే ఇవ్వాలి. ఇప్పుడు టీటీఈల చేతిలో ట్యాబ్ ఉంటోంది, ఆయన కనిపించగానే మీ నంబరు చెప్పి అడగండి.

ప్రశ్న: వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్ ఎక్కేసి టీటీఈని బతిమాలుకుంటే సరిపోతుందని మా నాన్న అంటారు.
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ నాన్నగారి రోజుల్లో నడిచిందేమో, ఇప్పుడు నడవదు. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్‌లో అందరిదీ వెయిటింగే అయితే చార్ట్ పడగానే అదే రద్దయిపోతుంది, కాస్త ఛార్జీ పట్టుకుని మిగతా డబ్బు వెనక్కి వేస్తారు. రద్దయిన టికెట్‌తో ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. కౌంటర్ టికెట్ దానంతటది రద్దు కాదు గానీ దాంతో జనరల్ పెట్టెలోనే వెళ్లాలి, స్లీపర్‌లోనో ఏసీలోనో దొరికితే జరిమానా కట్టించి దింపేస్తారు. వెళ్లొద్దనుకుంటే బండి బయల్దేరడానికి అరగంట ముందే రద్దు చేసుకోవాలి, ఆ తర్వాత డబ్బులు రావు. ఒకే పీఎన్‌ఆర్‌లో ఇద్దరికి కన్ఫర్మ్ అయి ఇద్దరిది వెయిటింగ్‌లో ఉంటే మాత్రం నలుగురి పేర్లూ చార్ట్‌లో ఉంటాయి, ఉన్న రెండు బెర్తుల్లోనే అందరూ సర్దుకోవాలి.

ప్రశ్న: తత్కాల్‌లో టీక్యూడబ్ల్యూఎల్ 4 వచ్చింది. నాలుగే కదా?
– ఒక పాఠకురాలు, అమీర్‌పేట

జవాబు: ఆశ పెట్టుకోకండి. తత్కాల్ వెయిటింగ్‌కు మధ్యలో ఆర్‌ఏసీ మెట్టు ఉండదు, పైగా చార్ట్ వేసేటప్పుడు జనరల్ వెయిటింగ్‌వాళ్ల తర్వాతే వీళ్లు. ఈలోగా బస్సు చూసుకోండి.

ప్రశ్న: బండి బయల్దేరే స్టేషన్ నుంచి తీస్తే కన్ఫర్మ్ అవుతుందని ఎవరో చెబితే లింగంపల్లి నుంచి తీశాను, ఉండేది తార్నాక. సికింద్రాబాద్‌లో ఎక్కితే తప్పా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: కిటుకు మంచిదే, సగమే చేశారు. ఐఆర్‌సీటీసీలోకి వెళ్లి బోర్డింగ్ స్టేషన్‌ను సికింద్రాబాద్‌గా మార్చుకోండి, చివరి రోజు దాకా ఆగకుండా ఇప్పుడే. మార్చకపోతే లింగంపల్లిలో మీ బెర్తు ఖాళీగా ఉందని టీటీఈ దాన్ని ఆర్‌ఏసీలో ఉన్న ఇంకెవరికో ఇచ్చేయొచ్చు, నాకు గోదావరిలో అప్పర్ బెర్తు దొరికింది అలాగే మరి. మార్చాక మళ్లీ మనసు మార్చుకుని లింగంపల్లి వెళ్లి ఎక్కితే కుదరదు, అక్కణ్నుంచి ఎక్కే హక్కు పోతుంది.