డేటా సైన్స్ కోర్సా, రొయ్యల కంపెనీ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివింది. విశాఖలోనే రొయ్యలు ఎగుమతి చేసే చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ డేటా టీమ్ లేదు, లెక్కలన్నీ ఒకచోటికి తెచ్చే పని తనకే ఇస్తారట. నేనేమో అప్పు చేసి హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సు చేయిద్దామనుకుంటున్నాను. ఎదురింటి అబ్బాయి అదే చేసి బెంగళూరులో ఉన్నాడు. చిన్న కంపెనీలో చేరితే అక్కడే ఉండిపోతుందేమోనని టెన్షన్.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు డేటా సెంటర్ ప్రకటించాక ఈ ప్రశ్న నాకు ఎక్కువైంది. డేటా సెంటర్‌లో ప్రధానంగా ఉండేది కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ పని. పేరులో డేటా ఉందని అప్పు చేయకండి.

ఈ కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి. చాలాచోట్ల శుభ్రంగా సర్దిన ఫైలు చేతికిచ్చి మోడల్ (అంచనాలు వేసే ప్రోగ్రామ్) కట్టిస్తారు. టైటానిక్‌లో ఎవరు బతికారో అంచనా వేసే ప్రాజెక్టు ఎంతమంది రెజ్యూమెల్లో చూశానో! అసలు కష్టం అంతకుముందే ఉంటుంది. ఇలాంటి కంపెనీల్లో అకౌంట్లు ట్యాలీలో, కొనుగోళ్లు వాట్సాప్‌లో, కోల్డ్ స్టోరేజీ సరుకు ఎక్సెల్‌లో ఉంటాయి. ఒకే రైతు పేరు మూడు రకాలుగా కనిపిస్తుంది. చెరువు గట్టు మీద 40 కౌంట్ (కిలోకు 40 రొయ్యలు) అని కొన్న సరుకు ప్లాంటులో 50కి దిగితే ఏ లెక్క పట్టుకోవాలి? అది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అక్కడ పనిచేసే మనిషే అడిగి తెలుసుకోవాలి.

మిగతాది, అంటే లెక్కలు దాచి చూపే సాఫ్ట్‌వేర్, ఇప్పుడు చిన్న కంపెనీకీ అందుబాటులోకి వచ్చింది. గూగుల్ వారి క్లౌడ్ డేటాబేస్ బిగ్‌క్వెరీలో నెలకు 10 జీబీ స్టోరేజీ, 1 టీబీ క్వెరీలు (డేటాను అడిగే ప్రశ్నలు) ఉచితం. కార్డు అడగని శాండ్‌బాక్స్ (ప్రయోగాలకిచ్చే వెర్షన్) కూడా ఉంది, కాకపోతే అందులో టేబుళ్లు 60 రోజులకు పోతాయి కాబట్టి అది సాధనకే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. చార్టులకు మెటాబేస్ ఉచిత వెర్షన్ చాలు. వీటన్నిటికీ డేటాబేస్ నుంచి లెక్కలు రాబట్టే భాష ఎస్‌క్యూఎల్ గట్టిగా రావాలి. అదొస్తే మీ అమ్మాయి ఎక్కడా ఇరుక్కుపోదు. ఏ కంపెనీకి వెళ్లినా పనికొస్తుంది.

ఒక్క లోటు నిజం. తప్పు చేస్తే దిద్దే సీనియర్ అక్కడ ఉండరు. ట్యాలీ మొత్తాలతో తన లెక్కను ప్రతి నెలా సరిపోల్చుకోమనండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఇంత రాశారు, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఎదురింటి అబ్బాయి సంగతి మాత్రం రాశారు. స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల, ఉద్యోగం తనే తెచ్చుకుంది. ముందు తనని అడగండి. చేరే ముందు యజమానితో ఒక విషయం తేల్చుకోమనండి: రోజంతా బిల్లుల ఎంట్రీయేనా, ఈ పనికి విడిగా సమయం ఇస్తారా అని. ఏడాది గడిచినా ఎంట్రీయే చేయిస్తుంటే మానేయవచ్చు. అప్పటికి మీ నెత్తిన అప్పు ఉండదు, ఏ కోర్సు కావాలో తనే చెప్పగలుగుతుంది.